బొమ్మలపెట్టె మీది గుర్తు

చేతిఫోను తెర వెలుగగానే చిన్నచిన్న గళ్లలో రంగురంగుల గుర్తులు కనబడును. వానిలో ఒకదానిని వ్రేలితో తాకిన, మన ఇంటి ఫోటోలన్నియు వరుసగా తెరచుకొనును. ఆ గుర్తు క్రింద దాని పేరు వ్రాసియే యుండును. అయినను ఆ పేరు చదివి తాకువారు మనలో ఎందరు? మేము గమనించినంతలో చదువు వచ్చినవారు సైతము పేరు చూడరు. రంగు చూతురు, ఆకారము చూతురు, అది ఏ మూలనున్నదో చూతురు. చదువు రానివారికి వేరు దారియే లేదు. ఇంత పని చేయు ఈ గోరంత గుర్తు ఇరువదియేండ్లలో ఎట్లు మారినది, ఎందుకు మారినది, ఆ మార్పు దమ్మపేట వంటి అడవి అంచు మండలములోని ఒక ఇంటికి చేరునప్పటికి ఏమగుచున్నది అను విషయమును ఈ పూట శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఫోటోకును గుర్తుకును గల సంబంధము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున ఛాయాచిత్రకారుడుగా నుండిన లాలా దీన్ దయాళ్ సికిందరాబాదులో స్టూడియో నడపెను. నిజాము ఆయనకు రాజా బిరుదమిచ్చెను. ఆయన 1905లో కాలధర్మము నొందెను. ఆయన సంస్థ పేరు 'రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్'. ఆ పేరు ఉన్నచోట, ఈ పటమును ఎవరు తీసిరను ప్రశ్నకు జవాబు దొరకును. తరువాతి కాలమున మన చిన్న పట్టణముల స్టూడియోలవారును ఈ పద్ధతినే అనుసరించిరి. పెండ్లి ఫోటో అతికించిన దళసరి అట్ట అడుగున స్టూడియో పేరు అచ్చుపడి యుండెడిది. లేదా వెనుకవైపు రబ్బరు ముద్ర యుండెడిది. తరువాత ఆ స్టూడియో యజమాని బోర్డు మార్చినను, దుకాణము ఎత్తివేసినను మన గోడమీది పటమునకు చేటు లేదు. దాని ముద్ర దానితోనే యుండును.

ఫోనులోని గుర్తు ఆ జాతిది కాదు. ఫోటో ఎవరు తీసిరో అది చెప్పదు. అది ఇంటి గుమ్మము మీది గుర్తు వంటిది. ఎక్కడనో దూరదేశమున కూర్చుండి ఒకరు దానిని మార్చిన, పది సంవత్సరముల క్రిందట మనము తీసికొన్న పటములకును ఒక్క రాత్రిలో గుమ్మము మారిపోవును.

కంప్యూటరులో ఫోటోలు చూచుటకు మన ఇండ్లలో మొదట వాడుకకు వచ్చినవానిలో 'పికాసా' ఒకటి. దానిని 2002లో లైఫ్‌స్కేప్ అను అమెరికా సంస్థ వెలువరించెను. 2004లో గూగుల్ సంస్థ దానిని కొనెను. స్పెయిను దేశపు చిత్రకారుడు పికాసో పేరును, 'నా ఇల్లు' అని అర్థమిచ్చు స్పానిషు మాటను కలిపి ఆ పేరు కట్టిరి. గుర్తును చూడుడు: రంగుల ముక్కలు కొన్ని గుండ్రముగా, ఒకదానిమీద ఒకటి వాలినట్లుండెడివి. కెమెరా కటకము వెనుక వెలుతురును లోనికి విడుచు రేకులు అట్లే అమరియుండును. కనుక కెమెరా విప్పి చూచినవానికి ఆ గుర్తు వెంటనే బోధపడెడిది. విప్పి చూడనివానికి అది రంగురంగుల పువ్వు.

2015 మే నెలలో గూగుల్ సంస్థ 'గూగుల్ ఫోటోస్' అను క్రొత్త యాపును విడుదల చేసెను. మరుసటి సంవత్సరము మార్చిలో పికాసాకు స్వస్తి చెప్పెను. అప్పటికే కంప్యూటరులలో నున్న పికాసా కొంతకాలము పనిచేయుచునే యుండెను గాని, దానిని బాగుచేయువారు లేకపోయిరి. క్రొత్త యాపునకు క్రొత్త గుర్తు వచ్చెను. అది గాలిమర: నాలుగు రెక్కలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలము. కాగితమును మడిచినట్లు ప్రతి రెక్కకును ఒక నీడ, వాడియైన మూలలు. మన పల్లెపిల్లలు తాటాకు ముక్కలను అడ్డముగా పెట్టి, నడుమ తుమ్మముల్లు గుచ్చి, పుల్లకు తగిలించి గాలికెదురుగా పరుగెత్తుదురు. ఆ ఆటవస్తువే ఇది. పికాసా గుర్తునందు కెమెరా కలదు, దీనియందు లేదు. ఫోటోకును గాలిమరకును ఏమి సంబంధమని అడుగువారికి మేము చెప్పగల జవాబు లేదు. అయినను ఆ గుర్తు మాకు నచ్చినది. చూచిన వెంటనే 'ఇది ఫలానా వస్తువు' అని పేరు పెట్టి పిలువవచ్చును. నోటితో చెప్పుటకు వీలైన గుర్తే ఒకరినుండి మరియొకరికి చేరును. రేడియోలో పనిచేయు మాకు ఈ సంగతి మరింత తెలియును. మేము దేనినైనను మాటతోనే చూపవలెను గదా!

2020 జూనులో ఆ గాలిమరను సాపు చేసిరి. నీడలు తీసివేసిరి, మడతలు తీసివేసిరి, వాడి మూలలు పోయెను. నాలుగు రెక్కలు నాలుగు అర్ధచంద్రములాయెను. ఇంకను గాలిమర యని తెలిసినవారికి గాలిమరయే. క్రొత్తవారికి మాత్రము నాలుగు సగము బిళ్లలు.

ఇట్లు సాపుచేయుట ఆ సంస్థ ఒక్కదాని పని కాదు. ఆ కాలపు గాలియే అటువైపు వీచెను. మొదటి ఐఫోను 2007లో వచ్చినపుడు దానిలో ఫోటోల గుర్తు ఒక పొద్దుతిరుగుడు పువ్వు. నిజమైన ఫోటో వలె రేకులు, నడుమ గింజలు కనబడుచుండెడివి. 2013లో ఆపిల్ సంస్థవారు ఆ పువ్వును తీసివేసి, ఎనిమిది రంగుల కోలరేకులను చక్రముగా పేర్చిరి. ఇన్‌స్టాగ్రామ్ వారి గోధుమరంగు కెమెరా బొమ్మ 2016 మే నెలలో ఊదా, నారింజ రంగులమీద తెల్లగీతగా మారెను. దీనికి కారణములు లేకపోలేదు. నీడలు, మడతలు గల బొమ్మను గోరంతకు కుదించిన అది మసకబారును. ఒకే గుర్తు చేతిగడియారపు తెరమీదను, ఫోనులోను, గోడంత టెలివిజను మీదను కనబడవలసి వచ్చెను. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ ఎనిమిదవ కూర్పుతో ఫోను తయారుచేయు ప్రతి సంస్థయు గుర్తులను తనకు తోచినట్లు గుండ్రముగానో చదరముగానో కత్తిరింపగల వీలు కలిగెను. ఎట్లు కత్తిరించినను చెడని ఆకారము ఏదన, తక్కువ గీతలు గలదే. చిత్రకారుని దృష్టిలో ఇది సబబైన మాటయే. మేము కాదనము.

కంప్యూటరులో ఫోటోలకు మరియొక గుర్తును కూడ తరచుగా వాడుచుందురు: ఒక చట్రము, దానిలో రెండు కొండలు, పైన సూర్యబింబము. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల గారు 2014 నుండి నడపుచున్న మైక్రోసాఫ్టు సంస్థ ఫోటోల యాపులోను ఈ కొండల బొమ్మ కలదు. బొమ్మ గీయుమని పలకయో కాగితమో ఇచ్చిన మన బళ్లలోని పిల్లలు మొదట గీయునది ఇదియే: రెండు కొండలు, వాని నడుమ సూర్యుడు. గోదావరి ఒడ్డు పిల్లలైనచో దిగువ ఒక పడవను కూడ చేర్తురు. ఇన్ని గుర్తులలోను వయసు చెల్లనిది ఇదొక్కటే యని మా అభిప్రాయము.

ఇక దమ్మపేట సంగతి. ఖమ్మము వైపు సాగుభూములకును భద్రాచలము వైపు అడవికిని నడుమనున్న మండలమిది. పామాయిలు తోటలు, కొబ్బరితోటలు, వాని వెనుక కోయగూడెములు. 2016 అక్టోబరునకు ముందు ఖమ్మము జిల్లాలోనిది. పిమ్మట భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఇచ్చటివారు గుర్తుల విలువ ఎరుగనివారు కారు. అడవిలో కొట్టిన దుంగ చివర అటవీశాఖవారు సుత్తితో ముద్ర వేయుదురు. ఆ ముద్ర యున్న దుంగ బండి యెక్కును. లేని దుంగ పట్టుబడును. దానిని చెరుపుటయు, దొంగముద్ర వేయుటయు 1927 నాటి భారత అటవీ చట్టము క్రింద నేరములు. ఒక గుర్తు మారినచో బ్రతుకు మీదికి రాగలదని అడవి అంచువారికి పుస్తకము చదివి తెలిసికొననక్కరలేదు.

చదువు రానివారికొరకు గుర్తులను ఏర్పరచుటలో మన దేశము చేసిన పనికి సాటి లేదు. 1951 జనాభా లెక్కల ప్రకారము నూటికి పదునెనిమిదిమంది మాత్రమే అక్షరాస్యులు. ఆ సంవత్సరాంతమున మొదలై 1952లో ముగిసిన తొలి సార్వత్రిక ఎన్నికలలో అభ్యర్థికొక పెట్టె ఉంచి, పెట్టెమీద వాని గుర్తును అంటించిరి. కాడెద్దులు, కంకి కొడవలి మున్నగు గుర్తులు అట్లు జనుల మనసున నాటుకొనెను. రాజకీయములు మా ప్రసంగ విషయము కావు. గుర్తు మారిన కథ మాత్రమే కావలెను. కాంగ్రెసు 1969లో చీలిన పిమ్మట కాడెద్దులు పోయి ఇందిరాగాంధీ పక్షమునకు ఆవు దూడ వచ్చెను. 1978 జనవరిలో మరల చీలిక వచ్చి ఆ పక్షమునకు హస్తము గుర్తు దొరకెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలు ఫిబ్రవరిలోనే! ఆవు దూడకు అలవాటుపడిన చేతులకు రెండు నెలలు తిరుగకుండ క్రొత్త గుర్తును నేర్పవలసి వచ్చెను. అయినను ఆ పక్షము ఇచ్చట గెలిచెను. గెలుపునకు వేరు కారణములు ఎన్నియైన నుండవచ్చును. గుర్తు తెలియకుండ మాత్రము అన్ని వోట్లు పడవు గదా! గుర్తు మార్చినవారికి అవసరము గలదు గనుక ఇల్లిల్లు తిరిగి 'ఇక మా గుర్తు ఇది' అని చేయెత్తి చూపిరి.

ఫోనులో గుర్తు మారునపుడు ఇల్లిల్లు తిరుగువారెవరు?

ఆ మార్పులు వచ్చిన తరువాతి కాలమున మా రికార్డింగు బృందము ఒక కార్యక్రమము కొరకు దమ్మపేట వెళ్లెను. బస్సులు ఆగుచోట సెల్లుఫోనులు బాగుచేయు దుకాణమున్నది. మేము యంత్రమునకు విద్యుత్తు అడుగుటకు అందులోనికి పోతిమి. ఒక వృద్ధురాలు తన ఫోనును దుకాణపు పిల్లవాని ముందు పెట్టి అడుగుచున్నది: "బాబూ, నా గాలిమర ఏడబోయింది? ఏది నొక్కినా మా ముసలాయన కనపడతలేడు."

ఆమె భర్త చనిపోయి రెండేండ్లయినదట. బంధువుల పెండ్లిలో మనుమడు తీసిన ఫోటో ఒక్కటే మిగిలినది, అదియు ఫోనులోనే. ఆమెకు అక్షరములు రావు. నాలుగు రంగులు గలది నొక్కవలెనని మనుమడు చెప్పిపోయెను. ఆ మాట చెప్పిననాడు అది సరియైన మాటయే. కాని 2020 అక్టోబరులో అదే సంస్థ తన మరికొన్ని యాపుల గుర్తులను కూడ మార్చివేసెను. అంతవరకు ఉత్తరముల యాపునకు ఎర్రగీతల తెల్లకవరు, తేదీల యాపునకు నీలపు కాగితము, మాటలాడుకొను 'మీట్' యాపునకు ఆకుపచ్చ కెమెరా యుండెడివి. వానినన్నిటిని ఒకే కుటుంబముగా చూపవలెనని అన్నిటికిని ఆ నాలుగు రంగులే పులిమిరి. గాలిమర మూలలు పోయెను. దాని రంగులు ఇరుగుపొరుగు వారందరికిని పంచబడెను. చదువుకొన్నవారు సైతము ఒకదానికి బదులు మరియొకటి నొక్కుచున్నామని ఆనాడు ప్రపంచమంతట విసుగుకొనిరి. ఆమె పాపము ఉత్తరముల యాపును తెరచుచున్నది, మూయుచున్నది.

"ఏడికీ పోలేదు అమ్మమ్మా, మూలలు గుండ్రంగ చేసిండ్రు, అంతే" అని పిల్లవాడు తెర చూపెను. ఆమె చాలసేపు చూచెను. పిమ్మట పిల్లవానినే అడిగెను: "మళ్లీ మారుస్తరా?"

ఆ ప్రశ్నకు పిల్లవాని వద్ద జవాబు లేదు. మా వద్దయు లేదు. 2025లో ఆ సంస్థ తన పేరులోని తొలి అక్షరపు గుర్తునందు వేరువేరుగానున్న నాలుగు రంగులను ఒకదానిలోనికొకటి కరగి కలియునట్లు మరల దిద్దినది గనుక, మార్పు ఆగినదని ఎవ్వరును చెప్పజాలరు.

ప్రభుత్వ చిహ్నము మార్చదలచినపుడు ఎంత చర్చ జరుగునో మన శ్రోతలెరుగుదురు. దమ్మపేట కార్యాలయపు కాగితములమీద మునుపు ఆంధ్రప్రదేశ్ పూర్ణకుంభ ముండెడిది. 2014 నుండి కాకతీయ కళాతోరణము, చార్మినారు గల తెలంగాణ చిహ్నము వచ్చెను. దానిని గీసినవారు చిత్రకారులు ఏలె లక్ష్మణ్ గారు. 2024లో దానిని మార్చు ప్రయత్నము జరుగగా పత్రికలలోను వీధులలోను వాదోపవాదములు చెలరేగి, క్రొత్త చిహ్నము ఆవిష్కరణ వాయిదా పడెను. ఏడాదికొకసారి ఏ ధ్రువపత్రముమీదనో చూచు చిహ్నమునకింత! దినమునకు పదిమారులు తాకు గుర్తును గూర్చి మాత్రము ఎవ్వరును మనలను అడుగరు. అడుగవలెనని మనకును తోచదు.

ఇంతకంటె పెద్ద సంగతి ఒకటి కలదు. గుర్తు మారిననాడు దాచుకొను నిబంధన మారలేదు. నిబంధన మారిననాడు గుర్తు మారలేదు. 2021 జూను 1వ తేదీ వరకు గూగుల్ ఫోటోస్‌లో కొంచెము నాణ్యము తగ్గించి దాచుకొను ఫోటోలకు లెక్కయు లేదు, రుసుమును లేదు. ఆ తేదీనుండి ఉత్తరములకు, కాగితములకు, ఫోటోలకు అన్నిటికిని కలిపి పదునైదు గిగాబైట్లు మాత్రమే ఉచితమని నిబంధన వచ్చెను. గది నిండినచో క్రొత్త ఫోటోలు దూరపు భద్రగృహమునకు పోక ఫోనులోనే నిలిచియుండును. ఆ ఫోను చెరువులో పడినచో అంతే. 2023 మే నెలలో మరియొక నిబంధన ప్రకటించిరి. రెండేండ్లపాటు ఏమాత్రము వాడని వ్యక్తిగత ఖాతాలను, వానిలోని ఫోటోలతో సహా, ఆ డిసెంబరు మొదలుకొని తొలగింపవచ్చునని. తొలగించుటకు ముందు హెచ్చరికలు పంపుదురు, పంపునది మెయిలు. పెట్టెలో పెట్టి మరచిన తాతగారి ఫోనుకు వచ్చు మెయిలును చదువువారెవరు? ఇన్ని మార్పులు జరుగుచుండగా పైన నాలుగు అర్ధచంద్రములు చెక్కుచెదరక అట్లే నవ్వుచుండెను.

గుర్తు గీయువారిని మేము నిందింపము. వారి పని వారు నేర్పుతోనే చేయుచున్నారు. మార్చిననాడు పాత గుర్తును కొన్నాళ్లు ప్రక్కన నిలిపి, 'ఇది ఇట్లయినది' అని మాటతో, మన భాషలో, వినిపించుట వారికి కష్టము కాదనియే మా ఫిర్యాదు. మాటాడగల యంత్రమే గదా అది! బస్సు పోవుమార్గము మారిన కండక్టరు కేకవేసి చెప్పును. రేషను దుకాణము వేరు వీధికి మారిన దండోరా వేయింతురు.

అది జరుగునంతవరకు ఇంటివారు చేయదగినవి కొన్ని కలవు. ఇంటిలోని పెద్దలకు ఫోటోల గుర్తును రంగును బట్టి నేర్పవద్దు. స్థలమును బట్టి నేర్పుడు. తెర అడుగు వరుసలో ఎడమవైపు మొదటి గడిలో దానినుంచి, అక్కడినుండి కదల్పకుడు. గుర్తు మారినను స్థలము సాధారణముగా మారదు. దుకాణపు పిల్లవాడు ఆ వృద్ధురాలికి చేసినది ఇదియే. ఆమె బొటనవ్రేలిని పట్టుకొని, ఆ మూలమీద నాలుగైదుసారులు ఆనించి చూపించెను. పెద్దల ఖాతా పేరును, రహస్యపు మాటను ఇంటిలో నమ్మకస్థులొకరు వ్రాసి దాచుట మంచిది. ఏడాదికి రెండుమారులైనను ఆ ఖాతాను తెరచి, ఫోటోలను చూచి మూయుడు. గది ఎంతవరకు నిండినదో యాపులోనే ఖాతా బొమ్మను తాకిన కనబడును.

ఒక్కటే మిగిలిన ఫోటో అయినచో దానిని ఫోనులో విడిచిపెట్టక, దగ్గరి పట్టణమున స్టూడియోకు పోయి కాగితముమీద అచ్చు తీయింపుడు. ఒకటికి రెండు ప్రతులు తీయించి, ఒకదానిని వేరొక ఇంట ఉంచుడు. వెనుకవైపు మనిషి పేరు, ఊరు, సంవత్సరము మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. సిరా అయినచో కొన్నాళ్లకు ముందువైపునకు ఊరును.